గుడ్ మార్నింగ్ ఫోటో కూడా పట్టని కంప్యూటర్‌కి కొత్త గేమ్‌లు.. 48 కేబీ చెప్పే లెక్క ఇదే!

వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటో సైజు ఎప్పుడైనా చూశారా? 100 కేబీ ఉంటే చాలా చిన్నదే అనుకుంటాం. కానీ 1982లో బ్రిటన్‌లో వచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే హోమ్ కంప్యూటర్‌లో పెద్ద మోడల్‌కి ఉన్న ర్యామ్ 48 కేబీ మాత్రమే. అంటే రెండు స్పెక్ట్రమ్‌లు పక్కపక్కన పెట్టినా ఆ ఫోటో పట్టదు.

అలాంటి మెషీన్‌కి 40 ఏళ్లు దాటాక కూడా కొత్త గేమ్‌లు రాస్తున్నారు. పాతవి వెతికి ఆడుకోవడం కాదు, కొత్తగా రాయడం! ఇదంతా పనిలేని వాళ్ల సరదా అని కొట్టిపారేయొచ్చా? ర్యామ్ ధరలు చూస్తే అలా అనిపించడం లేదు.

మళ్లీ ఖరీదైన మెమరీ

2025 చివర్లో మెమరీ చిప్‌ల ధరలు భగ్గుమన్నాయి. ఏఐ డేటా సెంటర్లకు చిప్‌లు ఎగబడి కొనడమే ప్రధాన కారణం. అదే ఏడాది డిసెంబర్‌లో మైక్రాన్ కంపెనీ ‘క్రూషియల్’ బ్రాండ్‌తో మామూలు కస్టమర్లకు ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఇన్నేళ్లూ సాఫ్ట్‌వేర్ బరువెక్కితే మనకు దొరికిన సలహా ఒక్కటే.. ఎక్కువ ర్యామ్ ఉన్న ఫోన్ కొనుక్కోండి. ర్యామే ఖరీదైతే ఆ సలహా పనిచేయదు. అప్పుడు కావాల్సింది ఉన్న మెమరీతో పని కానిచ్చే నేర్పు. ఆ నేర్పు ఎలా ఉంటుందో ఈ పాత కంప్యూటర్ల గేమ్‌లు చూపిస్తున్నాయి.

48 కేబీలో గేమ్ ఎలా పడుతుంది?

48 కేబీ అంటే 49,152 బైట్లు. ఇందులో స్క్రీన్ మీద బొమ్మ కనిపించడానికే 6,912 బైట్లు పోతాయి. మిగిలేది సుమారు 42 వేల బైట్లు. కోడ్, బొమ్మలు, లెవెల్స్, సౌండ్.. అన్నీ అందులోనే సర్దాలి.

ఇప్పుడు 40 గదులు ఉన్న ఒక గేమ్ అనుకుందాం. ఒక్కో గదిని ఫోటోలా పూర్తి స్క్రీన్ బొమ్మగా దాచుకుంటే 40 గదులకు 2,76,480 బైట్లు కావాలి. మొత్తం ర్యామ్‌కి 5 రెట్లు ఎక్కువ. అసలు కుదరదు.

అందుకే ఇంట్లో ఫ్లోర్‌కి టైల్స్ వేసినట్టు వేస్తారు. ఇటుక, గడ్డి, నిచ్చెన, తలుపు.. ఇలా ఓ 48 చిన్న బొమ్మలు గీసుకుంటారు. ఒక్కోటి 36 బైట్లు, అన్నీ కలిపి 1,728 బైట్లు. గది అంటే ఇక బొమ్మ కాదు, ఏ చోట ఏ టైల్ రావాలో చెప్పే జాబితా. స్క్రీన్‌కి 192 టైల్స్ పడతాయి కాబట్టి గదికి 192 బైట్లు చాలు. 40 గదులకు 7,680 బైట్లు. టైల్స్‌తో కలిపినా 10 వేలు దాటదు!

ఇంకో చిట్కా.. హీరో కుడివైపు నడిచే బొమ్మ ఒక్కటే దాచుకుని, ఎడమకి తిరిగినప్పుడు అద్దంలో చూపించినట్టు కోడ్‌తో తిప్పేస్తారు. బొమ్మల ఖర్చు సగానికి తగ్గుతుంది. కాకపోతే తిప్పడానికి ప్రాసెసర్‌కి పని పెరుగుతుంది. ఒకచోట మిగిల్చితే ఇంకోచోట చెల్లించాల్సిందే. మంచం ఉన్నంత వరకే కాళ్లు చాచుకోవాలంటారు కదా, అదే ఇక్కడ మొదటి రూల్.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏంటి?

ఈ రోజుల్లో ఎవరూ స్పెక్ట్రమ్ రబ్బర్ కీబోర్డ్ మీద కోడ్ కొట్టడం లేదు. మామూలు ల్యాప్‌టాప్‌లో రాసి, ఎమ్యులేటర్‌లో ఆడి చూసి, ఆఖర్న అసలు మెషీన్‌లో పరీక్షిస్తారు. బ్రిటన్ ప్రోగ్రామర్ జొనాథన్ కాల్డ్‌వెల్ తయారు చేసిన ‘ఆర్కేడ్ గేమ్ డిజైనర్’ లాంటి టూల్స్ వల్ల పెద్దగా కోడింగ్ రాని వాళ్లూ ప్రయత్నిస్తున్నారు. మరో పాత కంప్యూటర్ కమోడోర్ 64కి 2017లో వచ్చిన ‘సామ్స్ జర్నీ’ గేమ్ చూస్తే, 64 కేబీ మెషీన్ ఇంత చేయగలదా అనిపిస్తుంది.

వ్యాపారం కూడా కదిలింది. 2024 నవంబర్‌లో పాత స్పెక్ట్రమ్ రూపంలోనే ‘ది స్పెక్ట్రమ్’ మళ్లీ మార్కెట్లోకి వచ్చింది. 2025లో చేతులు మారిన కమోడోర్ బ్రాండ్ 299.99 డాలర్ల నుంచి ధర మొదలయ్యే కొత్త కమోడోర్ 64ని ప్రకటించింది. మరోవైపు అసలు స్పెక్ట్రమ్‌కి గుండెకాయ లాంటి జెడ్80 ప్రాసెసర్ విడి చిప్‌ల తయారీని ఆపేస్తున్నట్టు జైలాగ్ 2024లోనే చెప్పేసింది. చిప్ ఆగింది, గేమ్‌లు మాత్రం ఆగలేదు.

విమర్శ కూడా ఉంది. ఇప్పుడు కొందరు అదనపు మెమరీ ఉన్న కార్ట్రిడ్జ్ తగిలించి పెద్ద గేమ్‌లు ఇస్తున్నారు. అది మోసం కాదా అన్నది వాదన. నిజానికి అప్పట్లో 48 కేబీ అంటే డబ్బుల్లేక పెట్టుకున్న హద్దు. ఇప్పుడు ఇష్టపడి పెట్టుకున్న హద్దు. ఎవరు ఎక్కడ గీత గీసుకున్నారో ముందే చెబితే గొడవే లేదు.

మనకేంటి?

మన దేశంలోనూ 1984-85లో మొదలైన ‘క్లాస్’ ప్రాజెక్ట్ కింద స్కూళ్లకు వెళ్లినవి ఇలాంటి బుల్లి కంప్యూటర్లే, బీబీసీ మైక్రోలు. అది పాత కథ అనుకోవద్దు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ.. ఏ ఇంజినీరింగ్ కాలేజీలో అడిగినా ప్రాజెక్టుల కోసం విద్యార్థులు వాడే ఆర్డ్యునో ఊనో బోర్డు గురించి చెబుతారు. దాని ర్యామ్ ఎంతో తెలుసా? కేవలం 2 కేబీ! ప్రోగ్రామ్ దాచుకోవడానికి ఇంకో 32 కేబీ, అంతే. వాషింగ్ మెషీన్లు, మీటర్లు, సెన్సర్ల లోపల పనిచేసేదీ ఇలాంటి బుల్లి చిప్‌లే. అక్కడ ఇంకాస్త ర్యామ్ వేయండి అంటే లక్షల పీస్‌ల మీద ఖర్చు పెరుగుతుంది. బైట్లు లెక్కపెట్టి కోడ్ రాసే వాళ్లకు అక్కడ నిజంగానే పని ఉంది.

అన్ని యాప్‌లూ 48 కేబీలో ఉండాలని ఎవరూ అనరు. హెచ్‌డీ వీడియో, మ్యాపులు, పేమెంట్ యాప్‌ల భద్రత.. వీటికి మెమరీ కావాల్సిందే. ప్రశ్న ఒక్కటే.. ఆ మెమరీ దేనికి ఖర్చవుతుందో రాసినవాళ్లకు తెలుసా? స్పెక్ట్రమ్ గేమ్ రాసే వ్యక్తి ప్రతి బైట్‌కీ లెక్క చెప్పగలడు. ఫోన్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ ఓపెన్ చేసి, మీరు రోజూ ఆడే గేమ్ ఎంత మింగిందో ఒకసారి చూడండి. అందులో గేమ్ ఎంత, యాడ్స్ కోసం ఎంత.. ఆ లెక్క అడిగే హక్కు ఫోన్ కొన్న మనకూ ఉంది.