‘రేపు రండి’ ఖరీదెంత?

కుల ధ్రువీకరణ పత్రం కోసమో, పట్టాదారు పాస్‌పుస్తకంలో పేరు సరిచేయించుకోవడానికో, ఆధార్‌లో ఫోన్ నంబరు మార్పించుకోవడానికో పల్లె నుంచి మండల కేంద్రానికి వెళ్లే మనిషి కట్టే రుసుము స్వల్పమే. ఆ సంగతి ప్రభుత్వాలు గొప్పగానే చెప్పుకుంటాయి. చెప్పని లెక్క ఇంకొకటుంది. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ రోజు కూలీ 307 రూపాయలు. సర్వర్ పనిచేయడం లేదనో, సార్ మీటింగుకు వెళ్లారనో, జిరాక్సు మీద సంతకం లేదనో ‘రేపు రండి’ అన్న ప్రతిసారీ ఆ కూలీ పోతుంది. మూడుసార్లు తిప్పితే తొమ్మిది వందలు దాటింది. ఏ రసీదులోనూ ఈ మొత్తం ఉండదు, ఏ సమీక్షా సమావేశంలోనూ దీని ఊసు రాదు. పల్లె మనిషి రోజుకు వెల లేదనుకోబట్టే తిప్పడం ఇంత తేలికైంది.

పాలనను ఊరికి దగ్గర చేసే ప్రయత్నాలు జరగలేదని కాదు. తాలూకాలు పోయి మండలాలు వచ్చి నలభై ఏళ్లయింది. 2011లో మీసేవ, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు వచ్చాయి. ఇవన్నీ దూరాన్ని తగ్గించాయి. తిరగడం మాత్రం ఆ మేరకు తగ్గలేదు, ఎందుకంటే దరఖాస్తు తీసుకునేది ఒకరు, విచారణ చేసేది మరొకరు, సంతకం పెట్టేది ఇంకొకరు. ఈ ముగ్గురి మధ్య కాగితం కదులుతోందో లేదో కనుక్కునే పని దరఖాస్తుదారుదే. తెలంగాణలో 2020లో వీఆర్వోలను తీసేశాక, 2025లో గ్రామ పాలన అధికారులు వచ్చేదాకా ఆ కనుక్కోవడానికి కూడా ఊళ్లో రెవెన్యూ అధికారి లేడు. వేలిముద్రల గొడవ వేరే. పార పట్టి, సిమెంటు కలిపి గీతలు అరిగిన చేతులనే యంత్రం గుర్తించదు. అంటే ఒక్కరోజు కూలీ పోయినా ఇబ్బంది పడేవాళ్లనే మళ్లీ రమ్మంటుంది.

బస్సు ఫ్రీ కదా, ఇంకేం ఖర్చు అని అడిగేవాళ్లున్నారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. మంచి పథకమే, కాదనను. కానీ అది మిగిల్చేది టికెట్టు డబ్బు, పోయిన పూట కాదు. అన్నీ ఫోన్‌లోనే వచ్చేశాయి అనేది రెండో మాట. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ వాట్సాప్‌లో మొదలుపెట్టిన మన మిత్ర వల్ల చదువుకున్నవాళ్లకు, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లకు నిజంగానే పని తేలికైంది. ఆధార్‌కు లింకైన నంబరు ఎప్పుడో మారిపోయి ఓటీపీ రాని ముసలమ్మ మాత్రం మళ్లీ ఆధార్ కేంద్రం ముందు నిలబడాల్సిందే.

కాస్త బరువున్న అభ్యంతరం సిబ్బందిది. సర్వేలు, వీడియో కాన్ఫరెన్సులు, ఎన్నికల పనులు అన్నీ ఆ కొద్దిమంది మీదే పడుతున్నాయన్నది నిజం. బోగస్ లబ్ధిదారులను ఏరేయాలంటే తనిఖీలు తప్పవన్నదీ నిజమే. అయితే అదే ఆంధ్రప్రదేశ్‌లో అదే సచివాలయ సిబ్బంది నెల మొదట్లో ఇంటింటికీ వెళ్లి, లబ్ధిదారును గుర్తించి, పింఛను చేతిలో పెడుతున్నారు. పైనుంచి పట్టుదల ఉన్నచోట తనిఖీ కూడా గడప దగ్గరే జరుగుతోంది. 2025 జూన్‌లో రేషన్ వాహనాలు ఆపి మళ్లీ డిపోలు తెరిచినప్పుడు సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా కూడా సరుకులు ఇవ్వాలని వేళ పెట్టారు. కూలికి వెళ్లొచ్చిన మనిషికి వీలయ్యే వేళ అది. ఆ వేళకు తహసీల్దారు కార్యాలయం మూతపడి ఉంటుంది. వారానికి రెండు సాయంత్రాలు సిబ్బందిని వంతులవారీగా కూర్చోబెట్టి, ఆ మేరకు పగటి డ్యూటీ తగ్గిస్తే కొత్త ఉద్యోగాలు కూడా అక్కర్లేదు.

ఆలస్యానికి పరిహారం అన్నది కొత్త ఆలోచన కాదు. కర్ణాటక సకాల చట్టం గడువు దాటితే రోజుకు 20 రూపాయలు, మొత్తం మీద 500 దాకా దరఖాస్తుదారుకు ఇవ్వాలంటుంది. ఆ ఇరవై చూస్తే నవ్వొస్తుంది. కానీ పోయిన రోజుకు ఒక వెల ఉందని అక్కడ కాగితం మీదైనా ఒప్పుకున్నారు. మన దగ్గర లెక్క గడువును బట్టి కాక తిప్పిన సార్లను బట్టి ఉండాలి. పదిహేను రోజుల గడువులోపే పని పూర్తయిందని రికార్డుల్లో రాసుకున్న కార్యాలయం అదే పదిహేను రోజుల్లో మనిషిని నాలుగుసార్లు తిప్పి ఉండొచ్చు. అందుకే ‘రేపు రండి’ అన్నవాళ్లు కారణం, తేదీ చీటీ మీద రాసి, పేరు పెట్టి ఇవ్వాలి. సోమవారం కలెక్టరేట్‌కు అర్జీలు పట్టుకొచ్చేవారి దగ్గర ఆ చీటీలు తీసుకుని, ఏ మండలంలో సగటున ఎన్నిసార్లు తిప్పుతున్నారో నెలనెలా నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, ఇంకో రోజు కూలీ వదులుకుని జిల్లా కేంద్రం దాకా వచ్చి ఇచ్చిన అర్జీ కూడా తిరిగి అదే తహసీల్దారు బల్ల మీదికే చేరుతోంది.