గోరుచుట్టుపై రోకటిపోటు



గోరుచుట్టు మనిషిని చంపదు. రోకటిపోటూ చంపదు. రెండూ ఒకే వేలికి తగిలితే కలిగే బాధ ఆ రెండింటి మొత్తం కంటె ఎంతో ఎక్కువ. మన పెద్దలు సామెతలో ఇమిడ్చిన ఈ సత్యాన్ని ఆధునిక వైద్యశాస్త్రం మూగజీవాల ప్రాణాలు వెచ్చించి లెక్కగట్టింది. ఆ లెక్కను మీ ముందుంచి, దానిపై నా అభిప్రాయం చెప్పదలచినాను.

1945లో హిరోషిమా, నాగసాకి నగరాలపై అణుబాంబులు పడినప్పుడు అనేకులు ఒకే క్షణంలో వేడికి కాలినారు, రేడియేషన్‌కూ గురైనారు. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో తెలుసుకొనుటకు అమెరికాలో ప్రయోగాలు జరిగినవి. వర్జీనియా వైద్య కళాశాల పరిశోధకులు 1952లో ప్రచురించిన ఫలితాలు వీటిలో ప్రసిద్ధమైనవి. చర్మంలో ఐదవ వంతు కాలిన కుక్కలలో నూటికి 12 మరణించినవి. 100 రాంట్‌జెన్ల రేడియేషన్ మాత్రమే సోకిన కుక్కలలో ఒక్కటీ మరణించలేదు. రెండూ కలిపినప్పుడు నూటికి 73 మరణించినవి. పన్నెండుకు సున్న కలిపితే డెబ్బదిమూడు! ఎలుకలపైన, పందులపైన జరిపిన ప్రయోగాలలోనూ ఇదే పోకడ కనిపించింది.

కారణం దురూహ్యమేమీ కాదు. చర్మం శరీరానికి కోటగోడ. అది కాలితే లోని ద్రవాలు బయటికి పోతాయి, బయటి సూక్ష్మజీవులు లోనికి వస్తాయి. వాటిని ఎదుర్కొనే తెల్లరక్తకణాలు ఎముకల మూలుగలో పుడతాయి. రేడియేషన్ ఆ పుట్టుకచోటునే దెబ్బతీస్తుంది. గోడ కూలిన వేళకే సైన్యమూ కరువవుతుంది. గాయం మానుటకు కావలసిన కొత్త కణాలూ పుట్టవు. అందుకే పెన్సిలిన్ ఇచ్చిన కుక్కలలో మరణాలు బాగా తగ్గినవి. రక్తకణాలు పడిపోకముందే, అనగా మొదటి ఒకటి రెండు రోజులలోనే, గాయాలకు శస్త్రచికిత్స ముగించవలెనని వైద్యులు నేడు చెప్పుటకు కారణమూ ఇదే. 1986లో చెర్నోబిల్ ప్రమాదంలో తీవ్ర రేడియేషన్ వ్యాధి నిర్ధారణ అయినవారు 134 మంది. వారిలో 28 మంది ఆ ఏడే మరణించినారు. వారిలో పలువురికి చర్మం కూడ తీవ్రంగా కాలి ఉన్నది.

ఈ జ్ఞానం వ్యర్థమని నేననను. మనుషులను కాల్చి, రేడియేషన్‌కు గురిచేసి మందులను పరీక్షించలేము గనుక, జంతుప్రయోగాల ఆధారంగా అటువంటి మందులను అనుమతించే నియమాన్ని అమెరికా 2002లో తెచ్చినది. తెల్లకణాలను పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ అనే మందును 2015లో రేడియేషన్ బాధితులకు అనుమతించినదీ ఆ నియమం క్రిందనే. రేపు ఎవరి బిడ్డయో ఆ మందుతో బ్రతికితే, ఆ బ్రతుకులో మూగజీవాల పాలు కలదు.

భాషోపాధ్యాయుడిగా నా అభ్యంతరం ఒక మాట మీద. ప్రయోగం ముగిసిన జంతువును చంపుటను ఆంగ్ల పరిశోధనా వ్యాసాలలో తరచు ‘శాక్రిఫైస్’ అంటారు. మన భాషలో బలి, త్యాగం అని రెండర్థాలు చెప్పుకోవచ్చు. త్యాగమనగా తనదైనదానిని తాను విడుచుట. అక్కడ ప్రాణం కుక్కది. విడిచినది కుక్క. అది తన ఇష్టంతో విడువలేదు. పుణ్యం మాత్రం ప్రయోక్త ఖాతాలో పడుతున్నది. ‘చంపినాము’ అని వ్రాస్తే తప్పేమి? ఆ మాట వ్రాయవలసి వచ్చినవాడు, ఈ ప్రయోగం నిజంగా అవసరమా, ఇంతకుముందే ఎవరైనా చేసినారా, బాధ తగ్గించే మార్గమున్నదా అని మరొకమారు ఆలోచించక తప్పదు. రస్సెల్, బర్చ్ అనే శాస్త్రజ్ఞులు 1959లో తమ గ్రంథంలో చెప్పిన మూడు సూత్రాలు ఇటువంటివే: వీలైనచోట జంతువు లేకుండ చేయుట, సంఖ్య తగ్గించుట, బాధ తగ్గించుట. మాట శుద్ధమైతే ఈ సూత్రాలను మరువడం కష్టం.

ఋణశేషం ఉంచరాదని పెద్దలు చెప్పినారు. ఈ ఋణాన్ని మందులు కనిపెట్టి కొంత తీర్చుకోవచ్చు. ఆ రెండు దెబ్బలూ ఒకేసారి కొట్టే ఆయుధాన్ని మరెన్నడూ ప్రయోగించకుండుటయే అసలు చెల్లింపు. అణ్వాయుధాలు నిలువ ఉంచుకొన్న దేశాలలో మనదీ ఒకటి గనుక ఈ మాట మనకూ వర్తిస్తుంది.

విజ్ఞులు తమ అభిప్రాయాలు తెలుపగలరు. విభేదించేవారికి మరీ స్వాగతం.