"మాటలు రావు" అని రాసిందెవరు?

డిగ్రీ చదివే రోజుల్లో పాతబస్తీ తలాబ్‌కట్టలో ఒక ఇంటికి ట్యూషన్ చెప్పడానికి పోయేవాణ్ణి. (ఫీజు కన్నా ఆ అమ్మ పోసే చాయ్ కోసమే ఎక్కువ పోయిన, అది వేరే ముచ్చట.) ఆ ఇంట్లో చిన్నోడికి ఏడేళ్లు. నడవలేడు, చూపు సరిగ్గా ఆనదు. ఒక క్లినిక్‌లో ఇరవై నిమిషాలు చూసి, తెలుగులో, ఇంగ్లీషులో నాలుగు ప్రశ్నలడిగి, ఫైల్ మీద "మాటలు రావు" అని రాసి పంపిన్రు. ఇంట్లో మాట్లాడేది దక్కనీ. తల్లిని ఒక్క ముక్క అడగలే.

అడిగితే చెప్పేది. గిన్నె ముందు మొహం తిప్పుకుంటే వాడు "నక్కో" అంటున్నట్టు. ఆమె చెయ్యి గుంజి నోటి దగ్గర పెట్టుకుంటే దూప అయినట్టు. గల్లీలో ఆటో ఆగిన చప్పుడుకు కాళ్లాడిస్తే అబ్బా వచ్చిండని సంబరం. వద్దన్నడు, కావాలన్నడు, మనిషిని పలకరించిండు. ఇంకేం మాట్లాడాలె?

అమెరికాలో ఛారిటీ రోలాండ్ అనే ఆమె 1990లో 'కమ్యూనికేషన్ మ్యాట్రిక్స్' తయారుచేసింది. అందులో ఏడు మెట్లు. భాష ఆఖరి మెట్టు. దాని కింద ఒళ్లు కదపడం, చెయ్యి గుంజడం, సైగ, వస్తువు చూపించడం అన్నీ లెక్కకొస్తయి. తల్లిదండ్రులే నింపొచ్చు. ఆ లెక్కన మన చిన్నోడు మూడో మెట్టు మీదున్నడు. అది తెలిస్తే ఏం చెయ్యాలో తెలుస్తది: నీళ్లిచ్చే ముందు ప్రతిసారీ అదే గ్లాసు వాడి చేతికియ్యాలె. కొన్నాళ్లకు గ్లాసు తడిమి నీళ్లడగడం రావొచ్చు. దీనికి మెషీన్లెందుకు?

2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా 'కమ్యూనికేషన్' అంటే నోటి మాట ఒక్కటే అనలేదు. స్పర్శ, సైగలు, బొమ్మలు, ప్రత్యామ్నాయ పద్ధతులు అన్నీ అందులో ఉన్నయి. బోయిన్‌పల్లిలో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ అనే పేరుతో మొదలైన సంస్థ 1984 నుంచి ఉంది. కానీ నడవలేని బిడ్డను చంకనేసుకుని, ఆ రోజు కూలి పోగొట్టుకుని, మూసీ దాటి, సికింద్రాబాద్ దాటి ఎన్నిసార్లు పోతది ఆ తల్లి? బస్తీ అంగన్‌వాడీకే ఆ పని రావాలె.

పాతబస్తీ గొడవ మనకేంది అంటవా తమ్ముడూ? ఉట్నూరు నుంచి తెచ్చిన గోండు పిల్లను "బంతి ఏది?" అని తెలుగులో అడిగితే, ఆ పిల్ల చూడకపోతే, ఫైల్ మీద ఏం రాస్తరు? దక్కనీ బిడ్డకైనా కోలామీ బిడ్డకైనా అదే రాత.

ఈసారి మీ మండలంలో వైకల్య నిర్ధారణ క్యాంపు పడితే పోయి నిలబడు. బిడ్డను ఏ భాషలో అడిగిన్రు? తల్లి చెప్పింది ఎక్కడ రాసిన్రు? జవాబు కాగితం మీద తీసుకో.