బ్యాంకు ఎవరిదైతే మనకేంటి అనే అన్నలకు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

మొన్న హాస్టల్ మెస్సులో ఒక సీనియర్ అన్న అన్నాడు: "ఆర్‌బీఎల్ బ్యాంకుని దుబాయ్ వాళ్లు కొంటున్నారంట. కొననీ. డబ్బు వస్తుంది కదా, బ్యాంకు ఎవరిదైతే మనకేంటి?" అప్పుడు నాకు జవాబు తోచలేదు. రాత్రంతా ఆలోచించి ఇప్పుడు రాస్తున్నా.

విషయం ఇదీ. 2025 అక్టోబరులో ఎమిరేట్స్ ఎన్‌బీడీ అనే బ్యాంకు, ఆర్‌బీఎల్‌లో 60 శాతం వాటా కొంటామని ప్రకటించింది. సుమారు 26,850 కోట్లు. ఆ ఎమిరేట్స్ బ్యాంకులో పెద్ద వాటా దుబాయ్ ప్రభుత్వానిదే. అంటే మన జనం దాచుకున్న డబ్బు ఎవరికి అప్పివ్వాలి అనే దగ్గర పెద్ద మాట వేరే దేశానిది అవుతుంది. అందుకే విదేశీ వాటాకి ప్రైవేటు బ్యాంకుల్లో 74 శాతం, ప్రభుత్వ బ్యాంకుల్లో 20 శాతం హద్దు పెట్టారు. ఎంత వాటా ఉన్నా ఒక్కరి ఓటు 26 శాతం దాటకూడదు. 5 శాతం దాటి కొనాలంటే ముందే రిజర్వు బ్యాంకు ఒప్పుకోవాలి. ఇదంతా చాదస్తం అనేవాళ్లు ఉన్నారు.

అన్నా, ఏజెన్సీలో పుట్టినోళ్లం, మనం కూడా చాదస్తం అంటే ఎలా? 1/70 చట్టం ఏం చెప్తోంది? ధర ఎంత ఎక్కువిచ్చినా మన భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని. చెయ్యి మారితే పెత్తనం కూడా మారిపోద్ది. మన తాతలు అది కళ్లారా చూశారు.

అలాగని "స్వదేశీ" అని జెండా ఊపేవాళ్లనీ నేను నమ్మను. సంతలో మన పసుపు తూకంలో కొట్టే షావుకారు కూడా స్వదేశీయే. లక్ష్మీ విలాస్ బ్యాంకు 1926లో కరూర్‌లో పుట్టింది, మన దేశపు బ్యాంకే. మొండి బాకీలతో మునిగింది. 2020 నవంబరులో ఖాతాదారులు 25,000 మించి తీసుకోకుండా ఆంక్ష పెట్టారు. చివరికి సింగపూర్ డీబీఎస్ వాళ్ల ఇండియా బ్యాంకులో కలిపారు. డిపాజిట్లు నిలిచాయి, షేర్లు కొన్నవాళ్లకి సున్నా. కాబట్టి బయటి డబ్బు ఎప్పుడూ చెడ్డదని నేను అనను.

నా ప్రశ్న వేరు. కొండెక్కే బాధ్యత ఎవరిది? రూలు ప్రకారం బ్యాంకు అప్పుల్లో 40 శాతం ప్రాధాన్య రంగాలకి, 12 శాతం బలహీన వర్గాలకి ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీలు, పొదుపు సంఘాలు అందులోనే. కానీ 20 కంటే తక్కువ బ్రాంచీలున్న విదేశీ బ్యాంకులు ఆ 40లో 32 దాకా ఎగుమతి అప్పులతోనే నింపుకోవచ్చు, వాళ్లకి వ్యవసాయం కోటా లేదు. పెద్ద బ్యాంకులు, మన దేశానివైనా సరే, 2016 నుంచి వేరే బ్యాంకు దగ్గర సర్టిఫికెట్లు కొని లెక్క చూపించొచ్చు. కాగితం మీద లెక్క సరిపోతుంది. కొండ మీదకి మాత్రం ఎవరూ రారు.

మా ఊరికి బ్యాంకు 22 కిలోమీటర్లు. డ్వాక్రా లోను కోసం అమ్మ మూడుసార్లు తిరిగింది, మూడు రోజుల కూలి పోయింది. అయినా లోను వచ్చింది. ఆ డబ్బుతోనే నేను కాలేజీలో చేరా, మా ఇంట్లో మొదటివాణ్ణి. ఇచ్చింది ప్రభుత్వ బ్యాంకే. 1969లో 14 బ్యాంకుల్ని జాతీయం చేయకపోతే ఆ బ్రాంచి అక్కడ ఉండేదా? లాభం ఒక్కటే చూసేవాడు మన ఘాటు రోడ్డు ఎక్కడు.

అందుకే అడుగుదాం. ప్రభుత్వ బ్యాంకుల 20 శాతం గీత చెరపొద్దు. ఏ విదేశీ కొనుగోలుకి అనుమతి ఇచ్చినా, పల్లె బ్రాంచీలు మూయకూడదనీ ఎస్టీలకి ఎంత అప్పు ఇచ్చారో ఏటా జిల్లాల వారీగా బయటపెట్టాలనీ షరతు రాయాలి. మన వంతు అప్పుని సర్టిఫికెట్లతో పూడ్చుకోనివ్వొద్దు.

మెస్సులో అడిగిన అన్నకి నా జవాబు ఇదే: "భూమి ఎవరిదైతే మనకేంటి" అని మన తాతలు అనుకునుంటే, ఇవాళ హాస్టల్ రిజిస్టర్‌లో నువ్వూ నేనూ ఏ ఊరి పేరు రాసేవాళ్లం?

తప్పుంటే చెప్పండి, నేర్చుకుంటా. జై ఆదివాసీ.