సరంగు నైపుణ్యానికి బీమా వెల కట్టాలి

ఎల్బీ నగర్ చౌరస్తా నుంచి ఒక దారి విజయవాడ వైపు, మరొకటి నాగార్జునసాగర్ వైపు పోతాయి. సెలవులు కలిసొస్తే, కార్తీకమాసం వస్తే దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, వనస్థలిపురం కుటుంబాలు పాపికొండల విహారానికో, సాగర్‌లో లాంచీ ఎక్కడానికో బయల్దేరేది ఇక్కడి నుంచే. ఇంటి దగ్గర వదిలి వెళ్లే బండికి బీమా గడువు ఎప్పుడు ముగుస్తుందో వాళ్లకు తెలుసు, లేకపోతే చలానా పడుతుంది కాబట్టి. ఎక్కబోయే బోటుకు బీమా ఉందా, ఉంటే ఎంతకు, దాన్ని నడిపే సరంగు ఎక్కడ ఏం నేర్చుకున్నాడు అన్నది మాత్రం టికెట్ కొనేటప్పుడు ఎవరూ అడగరు. ప్రయాణికుడు అడగకపోవడం అర్థం చేసుకోదగ్గదే. బీమా కంపెనీ అడగకపోతే మాత్రం అది తన పని తాను చేయనట్టే. సిబ్బందికి ఉన్న శిక్షణ బోటు ప్రీమియంలో కనిపించాలి. బాగా నేర్చుకుని, నేర్చుకున్నది మరిచిపోకుండా సాధన చేసే సిబ్బంది ఉన్న బోటుకు తక్కువ, అది లేని బోటుకు యజమాని జేబు మండేంత ఎక్కువ ప్రీమియం ఉండాలి.

ఇది విలాసవంతుల సరదా పడవలకు సంబంధించిన ముచ్చట అనుకుంటే పొరపాటు. 2017 నవంబర్ 12న కృష్ణానదిలో పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని బోటు బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. ఆరు నెలలు తిరిగీ తిరగ్గానే, 2018 మే 15న, గోదావరిలో మంటూరు దగ్గర ఈదురుగాలికి లాంచీ మునిగింది. 2019 సెప్టెంబర్ 15న అదే గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగినప్పుడు అందులో 77 మంది ఉన్నారు. ఒడ్డున ఉన్న గిరిజనుల చొరవతో 26 మంది బతికి బయటపడ్డారు. మృతుల్లో వరంగల్ దగ్గరి కడిపికొండ వాళ్లు, హైదరాబాద్ వాళ్లు ఉన్నారు. 38వ రోజున ధర్మాడి సత్యం వెలికితీత బృందం ఆ బోటును నది అడుగు నుంచి పైకి లాగింది. ఆ మరణాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 10 లక్షలు, తెలంగాణ ప్రభుత్వం తమ రాష్ట్ర మృతుల కుటుంబాలకు 5 లక్షల చొప్పున పరిహారం ప్రకటించాయి. ఆ ప్రకటనలను ఎవరూ తప్పుపట్టలేదు, పట్టకూడదు కూడా. కానీ లెక్క చూస్తే, ప్రైవేటు బోటు వ్యాపారంలోని ప్రమాదపు ఖర్చులో పెద్ద భాగం ఖజానా మీద పడింది. లాభం యజమానికి, నష్టం ప్రజలకు అన్న ఈ ఏర్పాటులో సరంగుకు శిక్షణ ఇప్పించాలన్న ఒత్తిడి యజమాని మీద ఎక్కడి నుంచి వస్తుంది?

చట్టం నుంచి వస్తుందన్నది మొదటి జవాబు. 1917 నాటి పాత చట్టం స్థానంలో ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం 2021లో వచ్చింది, 2022 జూన్‌లో అమల్లోకి వచ్చింది. యంత్రంతో నడిచే ప్రతి బోటుకూ రిజిస్ట్రేషన్, సర్వే, నడిపేవారికి అర్హతా పత్రం, బీమా ఉండాలంటుంది. మంచిదే. అయితే చట్టం అడిగేది ఉందా, లేదా అన్నంత వరకే. పత్రం ఉన్న ఇద్దరు సరంగుల్లో ఒకడు ఏటా సీజన్‌కు ముందు మునిగిపోతున్న బోటులోంచి మనుషులను బయటికి పంపే సాధన చేసి ఉండవచ్చు, ఇంకొకడు పత్రం వచ్చిన నాటి నుంచి దాని ఊసే ఎత్తి ఉండకపోవచ్చు. అధికారి కళ్లకు ఇద్దరూ ఒకటే. వాళ్ల మధ్య తేడాను రూపాయల్లోకి మార్చగలిగేది బీమా ఒక్కటే. కానీ చట్టంలో అర్హతా పత్రాలది ఒక అధ్యాయం, బీమాది మరొకటి. రెండూ పక్కపక్కనే ఉండి పలకరించుకోని పొరుగువాళ్లలా ఉన్నాయి.

బీమా శాస్త్రానికి ఈ లంకె కొత్త కాదు. మన సముద్ర బీమా చట్టం 1963 నాటిది. నడవడానికి పనికిరాని స్థితిలో ఉందని తెలిసీ యజమాని ఓడను పంపితే, ఆ కారణంగా జరిగిన నష్టానికి బీమా సంస్థ బాధ్యత వహించనక్కర్లేదన్నది అందులోని సూత్రం. పనికిరాకపోవడమంటే చెక్కకు చిల్లు పడటం ఒక్కటే కాదు. ఇంజన్ గదిలో చేతకాని మనుషులున్నా ఓడ పనికిరానిదే అవుతుందని 1960ల తొలినాళ్లలో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు హాంకాంగ్ ఫర్ అనే ఓడ అద్దె వివాదంలో అంగీకరించింది. అంటే సిబ్బంది సామర్థ్యం ఓడలో భాగమే. బోటు వయసు, కట్టడం, తిరిగే నీటి తీరు చూసి ప్రీమియం లెక్కగట్టే సంస్థ, దాన్ని నడిపే చేతులను చూడనంటే కుదరదు. నెలల తరబడి రేవులో కట్టేసి ఉంచిన ఓడకు ప్రీమియంలో కొంత వెనక్కి ఇచ్చే ఆనవాయితీ సముద్ర బీమాలో ఎప్పటి నుంచో ఉంది. తిరగనందుకు తగ్గించగలిగినవాళ్లు బాగా తిరిగినందుకూ తగ్గించగలరు.

దిల్‌సుఖ్‌నగర్ పార్కింగ్‌లో నిలబడ్డ కారును చూస్తే మన బీమా దేనికి వెల కట్టిందో తెలుస్తుంది. 2002 నాటి మోటార్ టారిఫ్‌లో ధ్రువీకరించిన దొంగతనం నిరోధక పరికరం పెట్టుకుంటే సొంత నష్టం ప్రీమియంలో రెండున్నర శాతం, 500 రూపాయలకు మించకుండా తగ్గింపు. ఆటోమొబైల్ సంఘంలో సభ్యత్వం ఉంటే మరో 5 శాతం, దానికీ 200 రూపాయల గరిష్ఠ పరిమితి. వరసగా క్లెయిమ్ చేయకపోతే 20 నుంచి 50 శాతం దాకా బోనస్. తాళానికి తగ్గింపు, సభ్యత్వ కార్డుకు తగ్గింపు. నడిపేవాడు నేర్చుకున్న అదనపు విద్యకు మాత్రం ఏమీ లేదు. 2022 జూలైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, ఎంత దూరం నడిపారు, ఎలా నడిపారు అన్నదాన్ని బట్టి ప్రీమియం కట్టే పాలసీలకు దారి తెరిచింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది హైదరాబాద్‌లోనే. ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ మీద కారు ఎలా బ్రేకు వేసిందో లెక్కగట్టడానికి ఒప్పుకున్న విధానం, పాపికొండల మలుపులో 70 మందిని మోసే బోటు ఎలా తిరిగిందో పట్టించుకోకపోవడానికి కారణం కనబడదు.

శిక్షణ నిజంగా ప్రమాదాలను తగ్గిస్తుందా అన్నది గట్టి ప్రశ్న. అమెరికా కోస్ట్ గార్డ్ ఏటా ఇచ్చే లెక్కల్లో, నడిపినవారి శిక్షణ వివరం తెలిసిన మరణాల్లో ఇటీవలి ఏళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతులు భద్రతా శిక్షణ లేనివారి పడవల్లోనే జరిగాయి. వినడానికి తిరుగులేని సాక్ష్యంలా ఉంటుంది గాని, అక్కడ మొత్తం పడవలు నడిపేవారిలో శిక్షణ లేనివారు ఎంతమందో చెప్పకుండా ఆ అంకె ఒక్కటే ఏమీ రుజువు చేయదు. పైగా శిక్షణకు వెళ్లేవాళ్లు స్వతహాగా జాగ్రత్తపరులై ఉండవచ్చు. విధాన నిర్ణేతకు ఇది చిక్కే. బీమా కంపెనీకి కాదు. శిక్షణ వల్ల జాగ్రత్త వచ్చినా, జాగ్రత్త ఉన్నందున శిక్షణకు వెళ్లినా, ఆ బోటుకు ప్రమాదం తక్కువైతే ప్రీమియం తగ్గడం న్యాయమే. సొంత సరదా పడవ నడపడానికి లైసెన్సే అడగని బ్రిటన్‌లో రాయల్ యాటింగ్ అసోసియేషన్ కోర్సులు చేసినవారికి పలు బీమా సంస్థలు తగ్గింపు ఇస్తున్నది అందుకే. అక్కడ చట్టం వదిలేసిన చోటును బీమా కొంత నింపింది. మన దగ్గర చట్టం ఉంది, కాబట్టి తగ్గింపు పని వేరు. చట్టం తప్పనిసరి చేసిన అర్హతా పత్రానికి తగ్గింపు ఇవ్వకూడదు. అది లేకపోతే పాలసీయే ఇవ్వకూడదు. తగ్గింపు ఆ గీతకు పైన ఉన్నదానికే: ఏటా చేసే రక్షణ సాధన, ప్రథమ చికిత్స, వాతావరణ హెచ్చరికలు చదవడం, ప్రయాణికుల ఒంటి మీద లైఫ్ జాకెట్ ప్రయాణమంతా ఉండేలా చూడటం. కచ్చులూరులో బతికినవారి కథనాల్లో జాకెట్లు ఇచ్చారనీ, చాలామంది విప్పేశారనీ ఉంది. జాకెట్ కొనడం ఒక ఖర్చు. ఉక్కపోతలో, భోజనాల వేళ, 60 మందికి పైగా ప్రయాణికుల చేత దాన్ని విప్పించకుండా ఉంచడం నేర్చుకోవాల్సిన విద్య.

నది పోటు మీద ఉన్నప్పుడు ఎంతటి సరంగు మాత్రం ఏం చేయగలడని అడగవచ్చు. నిజమే, ఆ రోజు బోటు కదలకుండా ఉండటమే రక్షణ. కానీ బయల్దేరను అని చెప్పగలగడం కూడా శిక్షణలో భాగమే, అది చెప్పినందుకు ఉద్యోగం పోకుండా చూడటం పాలసీ షరతుల్లో భాగం కావాలి. ఫలానా మట్టానికి మించి నీరుంటే, హెచ్చరిక ఉంటే బయల్దేరరాదని పాలసీలో రాసి ఉంటే, యజమాని ఒత్తిడి చేసినప్పుడు సరంగు చేతిలో ఒక కాగితం ఉంటుంది.

సర్టిఫికెట్లు కొనుక్కుంటారు కదా అన్న అనుమానాన్ని కోచింగ్ సెంటర్ల దిల్‌సుఖ్‌నగర్‌లో కొట్టిపారేయడం కష్టం. ఫీజు రసీదుకూ, వచ్చిన చదువుకూ ఎంత దూరమో ఇక్కడ గోడల మీది బోర్డులన్నిటికీ తెలుసు. అందుకే తగ్గింపు సర్టిఫికెట్‌కు కాకుండా సాధనకు ముడిపడాలి. బీమా సర్వేయర్ సీజన్ మొదట్లో రేవుకు వచ్చి, చెప్పకుండా ఒక డ్రిల్లు చేయించి, ఎన్ని నిమిషాల్లో జాకెట్లు పడ్డాయో, ఎవరు ఏ తలుపు దగ్గర నిలబడ్డారో చూసి సంతకం చేయాలి. బోటు కట్టడాన్ని ఎటూ చూస్తాడు, మనుషులనూ చూడమనడమే.

అసలు అడ్డంకి మరోచోట ఉంది. ప్రయాణికుడి ప్రాణానికి కట్టిన బీమా మొత్తం చిన్నదైతే ప్రీమియమూ చిన్నదే, అందులో 10 శాతం తగ్గింపు యజమానికి ఒక పూట డీజిల్ ఖర్చుకు కూడా రాకపోవచ్చు. బోటు విలువ మీద లెక్కగట్టే పాలసీలో ఇది మరీ ఎక్కువ. మునిగిన చెక్క, ఇనుము ఖరీదు ఎంత, కచ్చులూరులో మునిగిన 51 మంది మాటేమిటి? ప్రభుత్వాలు ప్రకటించే పరిహారానికి తగ్గని స్థాయిలో ఒక్కో సీటుకు బాధ్యతా బీమా తప్పనిసరి చేస్తే ప్రీమియం పెరుగుతుంది, అప్పుడే శిక్షణ తగ్గింపుకు బరువు వస్తుంది. టికెట్ ధర కొంత పెరుగుతుంది. పెరగనివ్వాలి. హైదరాబాద్ నుంచి బస్సు, బస, భోజనం కలిపి ప్యాకేజీ కొనేవాడు ఆ మాత్రం భరించగలడు. భరించలేనిది కొండమొదలు లాంటి ఊళ్లవాళ్లు, వాళ్లకు లాంచీయే బస్సు. మంటూరులో మునిగింది అలాంటి సర్వీసే. ఆ రూట్లకు పెరిగిన ప్రీమియాన్ని ప్రభుత్వమే కట్టాలి, ప్రమాదం తరువాత పరిహారంగా ఇచ్చే డబ్బు ముందే శిక్షణ ఖర్చుగా ఇచ్చినట్టవుతుంది. తగ్గింపు యజమానికి చేరి, కోర్సు ఫీజూ కూలి నష్టమూ సరంగు మీద పడితే ఈ ఏర్పాటంతా వట్టిదే. శిక్షణ రోజులకు జీతం ఇచ్చినట్టు రుజువు చూపితేనే తగ్గింపు అన్న షరతు పాలసీలోనే పెట్టాలి. దేశంలో లోతట్టు జలరవాణా శిక్షణకు పేరున్న జాతీయ సంస్థ పట్నాలో ఉంది. గోదావరి ఒడ్డున దేవీపట్నం సరంగు అంత దూరం వెళ్లలేడు. రాజమండ్రిలోనో సాగర్‌లోనో సీజన్ లేని నెలల్లో ఆ శిక్షణ జరగాలి, తెలుగులో జరగాలి. రెండు రాష్ట్రాల పర్యాటక సంస్థలు తమ సొంత బోట్ల పాలసీలను వచ్చే ఏడాది రెన్యువల్ చేసుకునేటప్పుడు ఈ షరతులతో టెండరు పిలిస్తే, ప్రైవేటు యజమానులకు రేటు పోల్చుకునే ఆధారం దొరుకుతుంది. ఎల్బీ నగర్‌లో ప్యాకేజీ టికెట్లు అమ్మే ఏజెంటు ఆ పాలసీ నంబరును, సీటుకు ఎంత బీమా ఉందో టికెట్ మీద అచ్చు వేయాలనడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, పర్యాటక శాఖ ఉత్తర్వు ఒక్కటి చాలు.