బ్యాంకుల పరిహాసము

బ్యాంకులో ధనము దాచినవాడు ధనముతోబాటు తన సంసారపు గుట్టునుగూడ అచ్చట దాచుచున్నాడు. జీతమెంత వచ్చినది, అద్దె యెంత పోయినది, ఏ నెలలో వైద్యునికి చెల్లించినాడు, ఏ నెలలో తాకట్టు నగ విడిపించుకొనినాడు, ఇవన్నియు బ్యాంకు లెక్కలలో నున్నవి. ఆ లెక్కలు చేతనున్నవారు వానిని జూచి నవ్వవచ్చునా? నలుగురిని నవ్వింపవచ్చునా? ఈ ప్రశ్న కొందఱికి స్వల్పముగా తోచవచ్చును. మాకట్లు తోచుట లేదు.

2019 ఏప్రిల్ 29వ తేదీన అమెరికాలో చేస్ బ్యాంకు ట్విట్టరులో ఒక చిన్న సంభాషణ ప్రకటించెను. ఖాతాలో సొమ్మింత తక్కువగా నున్నదేమని ఖాతాదారుడడుగునట. కాఫీ యింటనే కాచుకొనుము, ఫ్రిజ్‌లో నున్నదానినే తినుము, మూడు వీథుల దూరమునకు టాక్సీ యెందుకు, అని ఖాతా బదులు చెప్పునట. జనులు మండిపడిరి. 2008 ఆర్థిక సంక్షోభములో ఆ బ్యాంకు ప్రభుత్వమునుండి 2,500 కోట్ల డాలర్లు స్వీకరించిన సంగతి కొందఱు గుర్తుచేసిరి. ఆ సొమ్ము మఱుసటి యేడే తిరిగి చెల్లింపబడిన మాట నిజమే. అయినను ఆపత్కాలమున ప్రజల సొమ్మును బుచ్చుకొనినవారు ప్రజల కాఫీ గ్లాసులను లెక్కించుట యెవరికి రుచించును? బ్యాంకు ఆ దినముననే ఆ వ్రాతను తొలగించుకొనెను.

అందులో ఎవ్వరి పేరును లేదు, ఎవ్వరి ఖాతాయు బయటబడలేదు, ఇంతమాత్రమున కింత రగడయేల యనువారు కలరు. పొదుపు మంచిదే గదా, నవ్వుచు చెప్పిన హితవు తలకెక్కును గదా యనియు వారి వాదము. పొదుపు మంచిదే. పోపులపెట్టెలో చిల్లర దాచిన తల్లులు ఆ పాఠమును మనకెప్పుడో నేర్పినారు. మా యాక్షేపణ హితవుపై గాదు, హితవు చెప్పువారి స్థానముపై. పొరుగువాడు మన ఖర్చును జూచి యెగతాళి చేసినచో మనమును రెండు మాటలని యూరకుందుము. బ్యాంకుతో అట్లు కాదు. దాని లెక్కలు మనకు గోచరింపవు. మన లెక్కలన్నియు దానికి గోచరించును. పూర్వమైన మనము అయిదు వందలు తీసికొంటిమని మాత్రమే బ్యాంకునకు తెలియును. అది మందులకో, కిళ్లీకో, గుడి హుండీకో దానికి తెలియదు. 2016లో యు.పి.ఐ. వచ్చిన పిమ్మట, పది రూపాయల టీ యే దుకాణమున నే గంటకు త్రాగితిమో అదియు ఖాతాలో నెక్కుచున్నది. ఇంత తెలిసినవారు పేరెత్తకయే నవ్వినను, చదివిన ప్రతివాడును తన ఖాతానే విప్పి చూచినారని యులికిపడును.

పైపెచ్చు, ఖాతాలో సొమ్ము తగ్గినచో దానివలన లాభించునదియు బ్యాంకే. 2019-20 మొదలు 2023-24 వఱకు అయిదేండ్లలో, కనీసపు నిలువ లేదను కారణమున ప్రభుత్వరంగ బ్యాంకులు వసూలు చేసిన జరిమానా సుమారు 8,500 కోట్ల రూపాయలని లోకసభలో ప్రభుత్వమే చెప్పినది. స్టేటు బ్యాంకు 2020లోను, కెనరా మొదలగు కొన్ని బ్యాంకులు 2025లోను ఈ జరిమానాను విడిచినవి, సంతోషము. అదే 2025 ఆగస్టులో ఐ.సి.ఐ.సి.ఐ. బ్యాంకు నగరములలోని క్రొత్త ఖాతాలకు 50,000 రూపాయల నిలువ కావలెనని, విమర్శ చెలరేగగా 15,000కు దిగెను.

కృష్ణా డెల్టాలో ఖాతా లెండిపోవుటకు కాఫీ కారణము గాదు. (బెజవాడ హోటలులో ఒక గ్లాసు కాఫీ త్రాగుటవలన మునిగిన సంసారమును మేమెఱుగము.) సార్వా వరి కోతకు వచ్చువఱకు కౌలురైతు చేత కాసు నిలువదు. విత్తనము, ఎరువు, కూలి ముందే పోవును. పంట చేతికందిన పిమ్మట కౌలు బస్తాలు పోవును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగరు ప్రాంతము దినములకొలది నీటనున్నప్పుడు, పాడైన ఆటోను, కుట్టుమిషనును బాగుచేయించుకొనుటకే ఉన్న సొమ్మంతయు ఊడ్చిపెట్టిన కుటుంబము లెన్నియో! ఫ్రిజ్ కూడ నీటిపాలైన యింట, ఫ్రిజ్‌లో నున్నదానిని తినుమను చమత్కార మెట్లు వినవచ్చును?

బ్యాంకు ఖాతాదారుని అలవాట్లను గుఱించి నోరుజాఱిన కథ పాతదే. ఆంగ్లదేశమున టూర్నియర్ అను నతడు తన ఖాతాలో నున్నదానికంటె సుమారు తొమ్మిది పౌనులు అధికముగా వాడుకొనెను. అతడు పందెములు కాయుచున్నాడని యనుమానించిన బ్యాంకు అధికారి ఆ మాటను అతని యజమానుల చెవిని వేసెను. అతని ఉద్యోగము పోయెను. ఆ వ్యాజ్యములో అప్పీలు న్యాయస్థానము, ఖాతాదారుని వ్యవహారమును దాచుట మర్యాద మాత్రమే గాదు, బ్యాంకు చేసికొనిన ఒప్పందములోని భాగమేయని నిర్ణయించెను. ఆ తీర్పు 1924 నాటి న్యాయనివేదికలలో నున్నది. ఇంచుమించుగా అదే కాలమున, 1923లో, బందరులో డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. 1980లో ఆ బ్యాంకును జాతీయము చేసిన శాసనములోను, అంతకుముందు 1970 నాటి శాసనములోను, ఖాతాదారుల వ్యవహారములను వెల్లడింపరాదను నిబంధన స్పష్టముగా కలదు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. పేరు పోయినది గాని నిబంధన పోలేదు.

చట్టము వెల్లడినే నిషేధించినది గాని నవ్వును నిషేధింపలేదందురేమో. నవ్వు ఎచ్చటికి దారితీయునో కృష్ణా జిల్లాకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 2006 మార్చిలో ఈ జిల్లాలో సూక్ష్మఋణ సంస్థల శాఖలను సుమారు 50 అధికారులు మూయించిరి. అధిక వడ్డీతోబాటు, బాకీపడిన స్త్రీలను పదిమందిలో నిలిపి అవమానించుచున్నారను ఫిర్యాదులే అందులకు కారణము. 2010 అక్టోబరులో రాష్ట్రమంతటికిని ఆర్డినెన్సు తేవలసి వచ్చెను. అప్పిచ్చినవాడు నీ ఖర్చును నిలదీయవచ్చునను భావమే అక్కడ వీథికెక్కినది. కాఫీ పరిహాసమును దానితో సమానమని మేమనుట లేదు. రెండింటి వేరు మాత్రము ఒక్కటే.

ఖాతాలో నిలువ తగ్గినప్పుడు ముందుగా ఖాతాదారునకు తెలిపి, నెలకు తక్కువగాని గడువిచ్చిన పిమ్మటనే జరిమానా వేయవలెనని రిజర్వు బ్యాంకు 2014 నవంబరులో ఉత్తరువు చేసెను. ఆ తెలియజేయుట పలుచోట్ల ఇంగ్లీషు పొడియక్షరములలో జరుగుచున్నది. ఉయ్యూరు సంతలో కూరలమ్ము నామె దానిని ఎవరిచే చదివించుకొనవలెను? చమత్కారముగా వ్రాయనేర్చినవారు బ్యాంకులలో నున్నచో, వారిని ఈ పనికి నియోగింపుడు: ఎంత సొమ్ము తగ్గినది, ఏ తేదీలోపల కట్టవలెను, కట్టనిచో ఎంత పోవును, ఈ మూడు మాటలు తెలుగున.