కథ మనది, సీను ఎవరిది?

మొన్న మా వీధి చివరింటి అమ్మాయి నోటుపుస్తకం పట్టుకొచ్చింది. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. "ఆంటీ, సినిమా కథ రాశాను, కాస్త చూసిపెడతారా?" అంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. అయినా అక్కడే నిలబడి మొదటి పేజీ చదివాను. 'ఆ ఇంట్లో అడుగు పెట్టగానే సుజాతకు గతమంతా గుర్తొచ్చి గుండె బరువెక్కింది' అని మొదలుపెట్టింది. వాక్యం బాగానే ఉంది. వారపత్రికకైతే నేనూ అలాగే రాస్తాను. "సరేనమ్మా, ఈ గుండె బరువెక్కడం తెర మీద ఎలా కనిపిస్తుంది?" అని అడిగాను. పిల్ల తెల్లమొహం వేసింది.

నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్న నాకు తట్టడానికి పదిహేనేళ్ళు పట్టింది.

ఆడవాళ్ళ కథలు సినిమాలవడం మనకు కొత్తేమీ కాదు. యద్దనపూడి సులోచనారాణి గారు పుట్టిన కాజ గ్రామం మా ఉయ్యూరుకు దూరమేం కాదు. ఇదే కృష్ణా జిల్లాలో, మొవ్వ మండలంలో ఉంది. ఆవిడ నవలలే 1973లో 'మీనా', 'జీవన తరంగాలు', 1976లో 'సెక్రటరీ' సినిమాలుగా వచ్చాయి. అంతకుముందే కోడూరి కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. ఆవిడదే 'ప్రేమనగర్' 1971లో తెరకెక్కింది. దానికి మాటలు రాసింది ఆత్రేయ గారు. గొప్పగా రాశారు, కాదనను. నా బాధ అది కాదు. నవల మనది, దాన్ని సీన్లుగా కత్తిరించి కుట్టే పని మాత్రం మన చేతికి రాలేదు. మద్రాసు వెళ్ళి, హోటలు గదుల్లో రోజుల తరబడి కూర్చుని కథాచర్చలు చేయడం అప్పటి ఇల్లాళ్ళలో ఎంతమందికి కుదిరేది? 1953లోనే 'చండీరాణి'కి కథ రాసి దర్శకత్వం వహించిన భానుమతి గారు, 2011లో 'అలా మొదలైంది' రాసి తీసిన నందినీరెడ్డి గారు... ఇలాంటివాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టాల్సి వస్తోంది. ఇప్పుడు రాయడానికి మద్రాసూ అక్కర్లేదు, హోటలూ అక్కర్లేదు. నేర్చుకోకపోవడానికి కారణమే లేదంటాను.

ఏం నేర్చుకోవాలి? కథలో 'అనుకుంది' అన్న మాటతో సగం పని అయిపోతుంది. సినిమాలో ఆ మాట చెల్లదు. కనిపించేదీ, వినిపించేదీ తప్ప ఇంకేమీ రాయకూడదు. 1957 నాటి 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టె గుర్తుందా? మూత తీసి చూసినవాళ్ళకు తమ మనసులో ఉన్నవాళ్ళు కనిపిస్తారు. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, కృష్ణుడికి శకుని! పేజీల కొద్దీ రాయాల్సిన మనసులోని మాటలన్నీ ఒక్క పెట్టెలో పట్టాయి. ఈసారి టీవీలో వచ్చినప్పుడు ఆ సీను నోటుపుస్తకం పక్కన పెట్టుకుని చూడండి. ఎవరు వచ్చారు, ఏం కావాలని వచ్చారు, వెళ్ళేటప్పటికి ఏం మారింది అని మూడు ముక్కలు రాసుకోండి.

ఇలా చూడటం మనకు తెలియని విద్య కాదు. మా వీరమ్మతల్లి తిరునాళ్ళలో ఒకసారి బిడ్డ తప్పిపోయిన తల్లిని చూశాను. ఆవిడ ముందు ఏడవలేదు. పక్కనున్న రెండో పిల్ల చెయ్యి పట్టుకుంది, ఆ పిల్ల "అమ్మా, నొప్పి" అని ఏడ్చేంత గట్టిగా. సీనంటే నా దృష్టిలో అదీ.

సినిమావాళ్ళు 'వన్‌లైన్ ఆర్డర్' అంటారు. సీనుకో వాక్యం చొప్పున కథంతా వరసగా రాసుకోవడమన్నమాట. అరవై, డెబ్భై వాక్యాలొస్తాయి. నేను పాత క్యాలెండరు కాగితాల వెనక రాసి, ముక్కలుగా కత్తిరించి, మంచం మీద పరుచుకుంటాను. (మావారు పడుకోవడానికి వచ్చేలోపు తీసేయాలి, అది వేరే సంగతి.) ఏ ముక్క తీసేసినా కథ ఆగకపోతే ఆ ముక్క చెత్తబుట్టలోకే. మాటలు అన్నిటికన్నా చివర రాయాలి. రాసి పైకి చదవాలి. అత్తగారూ కోడలూ ఒకేలా మాట్లాడుతున్నారంటే మళ్ళీ రాయాల్సిందే.

బొమ్మల సినిమాలకు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. 2008లో మొదలైన 'ఛోటా భీమ్' మన హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ వాళ్ళదే. అక్కడ ప్రతి కదలికా ఎవరో ఒకరు తయారుచేయాల్సిందే. 'ఊరంతా పరుగెత్తింది' అని మనం ఒక్క వాక్యం రాస్తే, వాళ్ళకు రోజుల పని. గోరుముద్దలు తినిపిస్తూ కాకినీ కుక్కనూ మాట్లాడించిన తల్లులకు ఈ రాత కష్టమేం కాదు.

ఇక నా సంగతి. ఆరేళ్ళ కింద ఆదివారం అనుబంధంలో నా కథ చూసి ఒకాయన ఫోను చేశారు. "ఇంకేమైనా లైన్లు ఉన్నాయా అమ్మా?" అన్నారు. పొంగిపోయి, అప్పటికింకా రాయని కథ ఒకటి చెప్పేశాను. కూతురికి పంపే ఆవకాయ జాడీ అడుగున తల్లి నోట్లు మడిచి కవర్లో పెడుతుంది. తల్లి పోయాక, పచ్చడి అయిపోయిన రోజున కూతురికి అవి దొరుకుతాయి. రెండేళ్ళకు ఒక సినిమాలో ఆ జాడీ కనిపించింది. హాల్లో అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు, నేనూ తుడుచుకున్నాను. "ఋజువేముంది?" అన్నారు మావారు. ఏమీ లేదు. రాయని కథ నాదని ఎవరితో చెప్పను?

1957 కాపీరైట్ చట్టం ఆలోచనను కాపాడదు, రాసిన రూపాన్నే కాపాడుతుంది. రాసిన క్షణం నుంచే హక్కు మనది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గానీ, సాక్ష్యంగా పనికొస్తుంది. ఫీజు 500 రూపాయలు, దరఖాస్తు ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లోనే పెట్టొచ్చు. హక్కులు రాసిచ్చే కాగితంలో ఎన్నేళ్ళకో, ఏ దేశాలకో ఉందా అని చూసుకోండి. గడువు రాయకపోతే చట్టం 5 ఏళ్ళనే అంటుంది, ప్రాంతం రాయకపోతే మనదేశం వరకే. 2012 సవరణ వచ్చాక, సినిమాలో మన రచనను థియేటరు బయట వాడినప్పుడు వచ్చే రాయల్టీలో వాటా వద్దని మనచేత ముందే రాయించుకున్నా చెల్లదు. కథ చెప్పాల్సి వస్తే ముందు రాసి, మెయిల్లో పంపి, ఆ తర్వాతే నోరు విప్పండి. "ఇంత అనుమానమేమిటమ్మా" అన్నవాళ్ళకు కథ చెప్పకపోయినా నష్టం లేదు.

ఆ అమ్మాయి వారం తర్వాత మళ్ళీ వచ్చింది. గతం లేదు, గుండె లేదు. సుజాత చీకట్లో ఇంట్లోకొచ్చి అలవాటుగా స్విచ్చి కోసం గోడ మీద చెయ్యి వేస్తుంది. స్విచ్చి అక్కడ లేదు. లోపలి నుంచి వదిన వచ్చి ఇంకో గోడ మీద లైటు వేస్తుంది. అంతే రాసింది.

పేజీ అడుగున తేదీ వేసి, సంతకం పెట్టమన్నాను.